ఆటోనగర్ షాపులో వాడిన రెండు హార్డ్ డిస్కులు, ఒక పాస్‌వర్డ్ మేనేజర్

మాది విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల హోల్‌సేల్ షాపు. 2021 జూన్‌లో ఒక సోమవారం పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో మా షాపు ఖాతా తెరుచుకోలేదు. ఫైళ్ల పేర్ల చివర ఏవో పిచ్చి అక్షరాలు చేరాయి. ప్రతి ఫోల్డర్‌లో ఒక ఇంగ్లీషు చీటీ ఉంది, బిట్‌కాయిన్లలో డబ్బు పంపితే ఫైళ్లు తెరిచిస్తామని. కరోనా రోజుల్లో అకౌంటెంట్ గారు ఇంటి నుంచి పని చేసుకోవడానికి రూటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ (బయటి నుంచి షాపు కంప్యూటర్‌ని నడిపే దారి) తెరిచి పెట్టాం, తర్వాత మూయలేదు. పాస్‌వర్డ్ షాపు పేరు, పక్కన 123. ఆ దారినే వచ్చారు. బ్యాకప్ తీసే పెన్‌డ్రైవ్ ఎప్పుడూ కంప్యూటర్‌కే గుచ్చి ఉండేది కాబట్టి అదీ పోయింది.

డబ్బు కట్టలేదు. అమ్మకాలు జీఎస్టీ పోర్టల్‌లో మేం వేసిన రిటర్నుల నుంచి, కొనుగోళ్లు మాకు సరుకు అమ్మినవాళ్ల రిటర్నుల ఆధారంగా అదే పోర్టల్ ఇచ్చే 2బి స్టేట్‌మెంట్ల నుంచి మళ్లీ ఎక్కించుకున్నాం. కానీ ఎవరు ఎంత బాకీ ఉన్నారో ఏ పోర్టల్లోనూ ఉండదు. బిల్లు పుస్తకాలు, డైరీలు, వాట్సాప్ మెసేజ్‌లు ముందేసుకుని రెండు నెలలు కూర్చున్నాం. ఏలూరు, నూజివీడు వైపు పాత పార్టీలు కొందరు వాళ్లే ఫోన్ చేసి, "అన్నా, మా పుస్తకంలో మీకు ఇంత ఇవ్వాలని ఉంది" అని చెప్పారు. ఆ మేలు మరిచిపోను. కొందరు చెప్పలేదు, ఆ డబ్బు రాలేదు.

ఆ ఆగస్టులో రెండు పోర్టబుల్ హార్డ్ డిస్కులు కొన్నాం, ఒక్కోటి ₹4 వేల చిల్లర. ఒకదానికి ఎర్ర స్టిక్కర్, రెండోదానికి పచ్చ. రోజూ షాపు కట్టేసే ముందు ఒక డిస్కు గుచ్చి, కాపీ అవ్వగానే తీసి బీరువాలో పెడతాం. శనివారం అది మా ఇంటికి, ఇంట్లో ఉన్నది షాపుకి. అసలు గుణం ఆ తీసి పెట్టడంలోనే ఉంది. కంప్యూటర్ నుంచి తీసేసిన డిస్కును ఏ వైరస్సూ ముట్టుకోలేదు. రెండింటికీ విండోస్‌లోని బిట్‌లాకర్‌తో పాస్‌వర్డ్ తాళం వేశాం, దారిలో పోయినా మా పార్టీల లెక్కలు ఎవరూ చూడకుండా. బిట్‌లాకర్ పెట్టడానికి విండోస్ ప్రో ఉండాలి, హోమ్‌లో కుదరదు. ఇది కొనేముందే చూసుకోండి.

ఏడాది పైగా ఇలా నడిచాక, 2022 దసరాకి షాపు పూజ సామాన్లు సర్దుతూ, తమ్ముడి ల్యాప్‌టాప్‌లో ఒకసారి బ్యాకప్ తెరిచి చూద్దామనిపించింది. తెరిస్తే చివరి ఎంట్రీ మార్చి 31! ఏప్రిల్‌లో టాలీ డేటాను సంవత్సరం వారీగా విడగొట్టినప్పుడు కొత్త లెక్కలు వేరే నంబరు ఫోల్డర్‌లోకి వెళ్లాయి. కాపీ చేయడానికి మేం రాసుకున్న చిన్న ప్రోగ్రాం మాత్రం పాత ఫోల్డర్‌నే రోజూ నమ్మకంగా కాపీ చేస్తోంది. ఆరు నెలలు మా దగ్గర బ్యాకప్ లేదు, ఉందని ధీమాగా ఉన్నాం. ఆ రోజు నాకు చేతులు చల్లబడ్డాయి. అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి శనివారం వేరే కంప్యూటర్‌లో రిస్టోర్ చేసి, ముందురోజు చివరి బిల్లు నంబరు, మూడు పార్టీల బాకీ సరిచూస్తాం. పావుగంట పని. ఈ సమీక్షలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే అది ఇదే కావాలని నా కోరిక.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా ఇల్లు మునిగింది. నీరు తీశాక వెళ్లి చూస్తే బీరువా కింది అర నిండా బురద, అందులో ఎర్ర స్టిక్కర్ డిస్కు. షాపులో కంప్యూటర్‌కి, పచ్చ డిస్కుకి ఏమీ కాలేదు కాబట్టి లెక్కలు దక్కాయి. కానీ రెండు కాపీలూ ఒకే ఊళ్లో ఉంటే చాలదని తెలిసొచ్చింది. ఇప్పుడు మూడో డిస్కు గుంటూరు బ్రాడీపేటలో మా చెల్లి దగ్గర ఉంటుంది, నెలకోసారి మారుస్తాం.

ఇక పాస్‌వర్డ్ మేనేజర్, అంటే పాస్‌వర్డ్‌లన్నీ దాచి, ఏ సైటు పేజీలో ఆ సైటుది తానే నింపే యాప్. బిట్‌వార్డెన్ ఉచిత వెర్షన్ వాడుతున్నాం. పాస్‌వర్డ్‌ల సంఖ్యకు పరిమితి లేదు. బ్యాంకు, జీఎస్టీ, ఈ-వే బిల్లు (లారీలో సరుకు పంపేటప్పుడు ఆన్‌లైన్‌లో తీసే బిల్లు), డీలర్ పోర్టళ్లు అన్నీ అందులోనే, ఏ రెండింటి పాస్‌వర్డూ ఒకటి కాదు. దాన్ని తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ మరిచిపోతే కంపెనీ వాళ్లు కూడా తెరిచివ్వలేరు. అందుకే కాగితం మీద రాసి బ్యాంకు లాకర్లో పెట్టాం.

దీని మేలు 2023లో తెలిసింది. కేవైసీ గడువు అయిపోతోందని వచ్చిన లింకు అకౌంటెంట్ గారు నొక్కారు. అచ్చం బ్యాంకు పేజీలాగే ఉంది, కానీ మేనేజర్ పాస్‌వర్డ్ చూపించలేదు. "ఏంటి సార్, ఇది ఈరోజు పని చేయట్లేదు" అని నన్ను పిలిచారు. అడ్రస్‌లో ఒక అక్షరం తేడా. మన కన్ను బొమ్మని చూస్తుంది, అది అడ్రస్‌ని చూస్తుంది. అదే కారణంతో 2025లో బ్యాంకులు రిజర్వ్ బ్యాంక్ చెప్పినట్టు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అడ్రసులకి మారినప్పుడు అసలు పేజీలో కూడా నింపలేదు. బ్రాంచికి వెళ్లి అడిగి కొత్త అడ్రస్ చేర్చుకున్నాం. కొన్ని బ్యాంకు పేజీలు పేస్ట్ చేయనివ్వవు, అక్కడ చేత్తో కొట్టాల్సిందే.

ఈ-వే బిల్లు పోర్టల్లో లాగిన్‌కి 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ ఓటీపీ తప్పనిసరి అయింది. మొదట్లో లాగిన్ అయిన ప్రతిసారీ ఓటీపీ చెప్పమని నాకు ఫోన్లు. తర్వాత మనిషికొక సబ్ యూజర్ (మా ఖాతా కింద వేరే ఐడీ) ఇచ్చాం, ఎవరి నంబరుకి వాళ్ల ఓటీపీ. పని మానేసిన వాళ్ల ఐడీ ఆ రోజే తీసేస్తాం.

ఇవేవీ ఫోన్‌ని కాపాడవు. ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లు) వస్తున్నాయి, లారీలతో పని కాబట్టి మా కౌంటర్ కుర్రాడు నిజమనుకుని ఇన్‌స్టాల్ చేయబోయాడు. అందుకే బ్యాంకు యాప్ ఉన్న ఫోన్ వేరే పెట్టాం, అందులో వాట్సాప్ లేదు. సప్లయర్ అకౌంట్ నంబరు మారిందని మెయిల్ వస్తే, మెయిల్‌లో ఉన్న నంబరుకి కాకుండా మా పాత పుస్తకంలో ఉన్న నంబరుకి ఫోన్ చేశాకే డబ్బు వేస్తాం. కౌంటర్ వెనక గోడ మీద సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930 పెద్ద అక్షరాలతో రాయించాం. డబ్బు పోయిన వెంటనే ఆ నంబరుకి చెబితే, అది చేతులు మారేలోపు ఆపే అవకాశం ఉంటుంది.

పచ్చ డిస్కుకి నాలుగేళ్లు దాటాయి. ఈమధ్య కాపీకి ఎక్కువ సేపు తీసుకుంటోంది. వచ్చే శనివారం కొత్తది వస్తుంది, స్టిక్కర్ మాత్రం పచ్చదే అంటిస్తాం.