కోనసీమ పల్లె నుంచి క్లౌడ్ వర్క్‌స్టేషన్: ఏడాదిన్నర వాడకం తర్వాత

అమలాపురానికి పది కిలోమీటర్ల దూరంలో, కాలువ గట్టును ఆనుకుని ఉన్న మా ఇంటి నుంచే ఏడాదిన్నరగా ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు పని చేస్తున్నాను. సంస్థ నాకు గూగుల్ క్లౌడ్ వర్క్‌స్టేషన్స్‌లో ఒక యంత్రాన్ని కేటాయించింది. నేను రాసే కోడు, దాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలరు, పరీక్షల డేటాబేసు అన్నీ ఎక్కడో డేటా సెంటరులో ఉంటాయి. నా ముందు ఉండేది బ్రౌజరులో తెరుచుకునే ఎడిటరు మాత్రమే. డెల్టా పల్లెల్లో కూర్చుని ఇదే పద్ధతిలో పని చేయాలనుకునేవారికి నా అనుభవం ఉపయోగపడుతుందన్న నమ్మకంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ సేవ మన ప్రాంతానికి బాగా పనికివస్తుంది. ఒకసారి గాలివానకు మా ఊళ్లో మూడు రోజులు కరెంటు లేకపోతే, సంస్థ అనుమతి తీసుకుని రాజమహేంద్రవరంలో మా అన్నయ్య కంప్యూటరులో లాగిన్ అయ్యాను. ఇంకా కమిట్ చేయని, అంటే కోడు చరిత్రలో నమోదు చేయని, ఫైళ్లు కూడా నేను సేవ్ చేసినవి చేసినట్టే ఉన్నాయి. అయితే మొదటి రెండు నెలలు నేను చాలా ఇబ్బంది పడ్డాను. అప్పుడు లోపాలని నేను అనుకున్నవాటిలో చాలా వరకు నిజానికి నేను తెలుసుకోని సెట్టింగులు, లేదా మా ఊరి తీగల సమస్యలు.

ముందుగా దూరం సంగతి. మా యంత్రాలను తొలుత అమెరికాలోని అయోవాలో ఏర్పాటు చేశారు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ఇక్కడి నుంచి అయోవాకు తిన్నగా గీత గీసినా 13,000 కిలోమీటర్లకు పైమాటే కాబట్టి, దారిలో ఏ ఆటంకమూ లేకపోయినా ఒక సంకేతం వెళ్లి రావడానికి 130 మిల్లీసెకన్లు పడుతుంది. సముద్రపు కేబుళ్లు తిన్నగా సాగవు కనుక ఈ వెళ్లి వచ్చే సమయాన్ని కొలిచే పింగ్‌లో నాకు అంతకు రెట్టింపు కనిపించేది. ఎడిటరులో టైపు చేయడం మన బ్రౌజరులోనే జరుగుతుంది కాబట్టి అక్కడ ఈ ఆలస్యం పెద్దగా తెలియదు; యంత్రానికి ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో మాత్రం ప్రతి అక్షరమూ తెర మీదికి రావడానికి తడబడుతుంది. ఇంటర్నెట్ ప్యాకేజీ వేగాన్ని రెట్టింపు చేసుకున్నా నాకు ఏమాత్రం తేడా రాలేదు. సింగపూర్‌లో కొత్తగా ఏర్పాటు చేసిన యంత్రాలకు మారిన తర్వాతనే టెర్మినల్ చేతికి అందినట్టయింది. క్లస్టరును, అంటే ఒకచోట ఏర్పాటు చేసిన వర్క్‌స్టేషన్ల సమూహాన్ని, ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి జరపడం కుదరదు, కొత్తగా నిర్మించుకోవాలి. అందుకే యంత్రాలు ఏ ప్రాంతంలో ఉంటాయన్న ప్రశ్నను పనిలో చేరిన మొదటి రోజునే అడగడం మంచిది.

ఇక కనెక్షన్ తెగిపోవడం. మా ఊళ్లో ఫైబరు తీగ కొబ్బరి చెట్ల మధ్య నుంచి వేలాడుతూ వస్తుంది. దింపు తీసేటప్పుడు గెల తగిలినా, గాలికి మట్ట రాలిపడినా ఇంట్లో ఫైబరు పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతుంది. ఆ దీపం వెలిగితే లోపం తీగలోనే ఉందని అర్థం. వర్క్‌స్టేషన్‌ను ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ఫలితం ఉండదు. దీపం పచ్చగానే ఉండి, మిగతా సైట్లు తెరుచుకుంటూ, ఎడిటరు ఒక్కటే కలవకపోతే, గూగుల్ క్లౌడ్ నిర్వహణ పేజీ అయిన కన్సోల్‌లో యంత్రం నడుస్తోందో ఆగిపోయిందో చూడాలి. కనెక్షన్ తెగినంత మాత్రాన అక్కడ యంత్రం ఆగిపోదు. పెద్ద బిల్డులను (కోడు నుంచి ప్రోగ్రామును తయారుచేసే పనులను), పరీక్షలను, కనెక్షన్ పోయినా టెర్మినల్ పనులను సజీవంగా ఉంచే టీమక్స్‌లో నడిపిస్తే, ఫోను హాట్‌స్పాట్‌కు మారి తిరిగి వచ్చేసరికి అవి సాగుతూనే ఉంటాయి. దూరపు యంత్రంలోకి టెర్మినల్ ద్వారా ప్రవేశించే ఎస్‌ఎస్‌హెచ్ వాడేవారు 60 సెకన్లకొకసారి చిన్న సంకేతం పంపే సెట్టింగును పెట్టుకుంటే, ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను మధ్యలోని రూటర్లు తెంపేయడం చాలా వరకు తగ్గుతుంది.

కానీ టీమక్స్ కూడా కాపాడలేని పరిస్థితి ఒకటుంది. క్లౌడ్ వర్క్‌స్టేషన్స్‌లో మార్చకుండా వదిలేసిన కాన్ఫిగరేషన్ ప్రకారం, వాడుకరి వైపు నుంచి 20 నిమిషాలు ఏ రాకపోకలూ లేకపోతే యంత్రం దానంతట అదే ఆగిపోతుంది. లోపల పరీక్షలు నడుస్తున్నాయా లేదా అన్నది ఈ లెక్కలోకి రాదు; మన వైపు నుంచి రాకపోకలు ఉన్నాయా అన్నదే లెక్క. ఖర్చు అదుపులో ఉండాలంటే ఇటువంటి గడువు అవసరమేనని నేనూ ఒప్పుకుంటాను, కానీ నగరంలోని కార్యాలయానికి సరిపోయే ఆ 20 నిమిషాలు వేసవి సాయంత్రం గంటసేపు కరెంటు పోయే పల్లెకు ఏ మూలకూ చాలవు. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా వీధిలోని కేబుల్ పెట్టెకు కరెంటు లేకపోతే మనం చేయగలిగింది ఏమీ లేదు. ఈ యంత్రాలను నిర్వహించే మా అడ్మిన్‌ను అడిగి ఈ గడువును రెండు గంటలకు పెంచించుకున్నాను; నా పనిలో అన్నిటికంటే ఎక్కువ మార్పు తెచ్చినది ఈ ఒక్క సెట్టింగే. దీనికి తోడు, మార్చకపోతే మొత్తం నడిచే సమయానికి కూడా 12 గంటల పరిమితి ఉంటుంది. ఉదయం 8 గంటలకు మొదలుపెడితే, రాత్రి 8 గంటలకు మీరు పని మధ్యలో ఉన్నా యంత్రం ఆగుతుంది. నేను భోజనానికి లేచేటప్పుడు ఆపి, వచ్చాక మళ్లీ మొదలుపెడతాను.

నన్ను ఎక్కువగా బాధపెట్టిన పొరపాటు నేను స్వయంగా చేసినదే. మొదటి వారంలో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసును లైనక్స్‌లోని ఆప్ట్ అనే ఆదేశంతో ఇన్‌స్టాల్ చేసి, ఒక రోజంతా కూర్చుని పరీక్షల డేటా నింపాను. మర్నాడు తెరిచేసరికి డేటాబేసూ లేదు, దాన్ని ఇన్‌స్టాల్ చేసిన జాడా లేదు. వర్క్‌స్టేషన్ మొదలైన ప్రతిసారీ కంటైనర్ ఇమేజి నుంచి, అంటే సాఫ్ట్‌వేరు అంతా ముందే అమర్చిన అచ్చు నుంచి, కొత్తగా తయారవుతుంది. శాశ్వతంగా ఉండేది వాడుకరి ఫైళ్లు ఉండే హోమ్ డైరెక్టరీకి తగిలించిన డిస్కు ఒక్కటే. కాబట్టి డేటాను హోమ్‌లో ఉంచాలి, అందరికీ కావలసిన సాఫ్ట్‌వేరును ఇమేజిలోనే చేర్పించాలి. ఇమేజిలో హోమ్ కింద పెట్టిన ఫైళ్లు కూడా పనికిరావు, ఎందుకంటే మొదలయ్యేటప్పుడు డిస్కు వచ్చి వాటిని కప్పేస్తుంది. అటువంటి వాటిని యంత్రం మొదలైనప్పుడు నడిచే స్టార్టప్ స్క్రిప్టుల ద్వారా కాపీ చేయించాలి. కొత్తగా చేరే ప్రతివారికీ ఈ మాట మొదటి రోజే చెబుతున్నాను.

చిన్న సమస్యలు మరికొన్ని ఉన్నాయి. బిల్డు 137 అన్న సంఖ్యతో ఆగిపోతే, చాలా సందర్భాల్లో మెమరీ చాలక ప్రాసెస్‌ను లైనక్స్ బలవంతంగా ఆపిందని అర్థం. సమాంతరంగా నడిచే పనులను తగ్గించాలి, లేదా పెద్ద యంత్రం అడగాలి. డిస్కులో చోటు ఉన్నా చోటు లేదన్న సందేశం వస్తే, ఫైళ్ల మార్పులను గమనించే వాచర్ల పరిమితి నిండి ఉండవచ్చు. ప్రైవేట్ విండోలో గానీ, ఇతర సైట్ల కుకీలను ఆపేసిన బ్రౌజరులో గానీ తెరిస్తే ఎడిటరు లాగిన్ దగ్గరే నిలిచిపోవచ్చు. ఇందులోని ఎడిటరు వీఎస్ కోడ్‌కు ఆధారమైన ఓపెన్ సోర్స్ రూపం కోడ్ ఓఎస్‌ఎస్ కావడం వల్ల ఎక్స్‌టెన్షన్లు (అదనపు సౌకర్యాలు) ఓపెన్ వీఎస్‌ఎక్స్ అనే భాండాగారం నుంచి వస్తాయి. మైక్రోసాఫ్ట్ వీఎస్ కోడ్‌లో అలవాటైనవి కొన్ని అక్కడ దొరకవు. పైథాన్ రాసేవారికి కోడు రాయడంలో సాయపడే పైలాన్స్ అనే ఎక్స్‌టెన్షన్ లేకపోవడం మొదట కొంత ఇబ్బందిగానే ఉంటుంది.

అసలు యంత్రమే మొదలుకాకపోతే మాత్రం మన చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. సంస్థ సొంత ఇమేజిని వాడుతుంటే, దాన్ని తెచ్చుకోవడానికి సర్వీస్ అకౌంటుకు (యంత్రం వాడే ఖాతాకు) ఇమేజిలను దాచే ఆర్టిఫాక్ట్ రిజిస్ట్రీని చదివే అనుమతి ఉందో లేదో అడ్మిన్ చూడాలి. యంత్రం నడుస్తున్నట్టు కనిపిస్తూ బ్రౌజరులో 502 అనే లోపం (లోపలి సర్వరు నుంచి సరైన జవాబు రాలేదని అర్థం) వస్తుంటే, కంటైనర్‌లోని సర్వరు పోర్టు 80 అనే ద్వారం మీద జవాబిస్తోందో లేదో చూడాలి. మనం చేయగలిగింది లోపం వచ్చిన సరైన సమయాన్ని అడ్మిన్‌కు చెప్పడం. యంత్రం గడియారం అంతర్జాతీయ ప్రామాణిక సమయమైన యూటీసీలో నడుస్తుంది, మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. సాయంత్రం 6 గంటలకు తెగిపోయిందని నేను రాస్తే, మా అడ్మిన్ యంత్రంలో జరిగినవి నమోదయ్యే లాగులలో 18:00 దగ్గర వెతికి, అక్కడ ఏమీ లేదని జవాబిచ్చారు. అది 12:30 దగ్గర ఉంది. ఇప్పుడు నేను పంపే ప్రతి ఫిర్యాదులోనూ రెండు సమయాలనూ రాస్తున్నాను.