మోటారుతో తిరిగే ఎక్సర్‌సైజ్ సైకిల్: మేధో వైకల్యం ఉన్నవారికి ఎంత ఉపయోగం?

వెనక్కి ఆనుకుని తొక్కే రకం ఇది. మనిషి సొంతంగా తొక్కే వేగం కంటే ఎక్కువగా మోటారు పెడళ్లను తిప్పుతుంది, కాళ్లు దాన్ని అందుకోవాలి. డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చేది, మేధో వైకల్యానికి ఒక కారణం) ఉన్న కౌమార వయసువారిలో ఇలా తొక్కించాక ప్రతిస్పందన వేగం పెరిగినట్టు అధ్యయనాలు ఉన్నాయి. అన్నీ చిన్న బృందాలే కాబట్టి, పెట్టె మీద ‘మెదడుకు పదును’ అని ఉంటే సగమే నమ్మండి.

సీటుకు వంక పెట్టలేం. పెడల్ చివరికంటా వెళ్లినప్పుడు మోకాలు కాస్త వంగి ఉండేలా జరుపుకోవాలి. చిక్కంతా పాదాలతోనే. కండరాల బిగువు తక్కువైనవారికి పాదం ముందు భాగాన్ని పట్టే పట్టీ ఒక్కటే చాలదు, పాదం జారుతుంది. మడమను పట్టి ఉంచే పెడళ్లు విడిగా కొనక తప్పదు.

ముందు మోటారు ఆపి 5 నిమిషాలు తొక్కించి, నిమిషానికి ఎన్ని చుట్లో చూడండి. 40 వస్తే మోటారును 50–55 దగ్గర పెట్టండి. ఒక్కసారిగా 80కి పెంచితే కాళ్లు వదిలేస్తారు. చక్రం తిరుగుతూనే ఉంటుంది, వ్యాయామం మాత్రం ఉండదు. తొడ మీద చెయ్యి వేస్తే కండరం పనిచేస్తోందో లేదో తెలిసిపోతుంది.

గుండె వేగం చూసి నడిచే ప్రోగ్రామ్ జోలికి వెళ్లొద్దు. అది గుండె గరిష్ఠ వేగాన్ని 220లోంచి వయసు తీసేసి లెక్కకడుతుంది. డౌన్ సిండ్రోమ్‌లో ఆ గరిష్ఠ వేగం అంతకంటే బాగా తక్కువ. పుట్టుకతో గుండె లోపం ఉంటే డాక్టరు సరేనన్నాకే ఎక్కించాలి.

తెర నిండా అంకెలే. సమయం ఒక్కటి కనిపించేలా మిగతాది అట్టతో మూసేయండి.