డయాబ్లో 2: అప్పట్లో వాళ్లు తిట్టినదీ, నాకు తగిలినదీ

2000 జూన్‌లో రాక్షసుల్ని చంపుకుంటూ పోయే కంప్యూటర్ ఆట డయాబ్లో 2 వచ్చినప్పుడు సమీక్షకులు బాగానే మెచ్చుకున్నారు. గ్రాఫిక్స్ దగ్గరే చాలామంది మూతి విరిచారు. త్రీడీ ఆటలొస్తున్న రోజుల్లో 640×480 రిజల్యూషన్‌లో ఈ పాత బొమ్మలేమిటన్నారు. జనం పట్టించుకోలేదు, రెండు వారాల్లో పది లక్షల కాపీలు కొనేశారు.

నేను హాస్టల్లో రూమ్మేట్ కంప్యూటర్ మీద మొదలుపెట్టాను. ఇప్పటికీ ఏడాదికోసారి కొత్త క్యారెక్టర్‌తో ఆడతాను. బొమ్మల లోటు నాకెప్పుడూ అనిపించలేదు. చచ్చిన రాక్షసుడి నుంచి ఉంగరం జారి నేలమీద పడితే సన్నగా ఒక 'టింగ్' వినిపిస్తుంది చూడండి, సగం నిద్రలో ఉన్నా చెయ్యి మౌస్ మీదికి పోతుంది. 2021లో ఇదే ఆటను కొత్త బొమ్మలతో మళ్లీ తెచ్చిన రిసరెక్టెడ్‌లో ఒక్క కీ నొక్కితే పాత గ్రాఫిక్స్ వస్తాయి. నేను సగంసేపు వాటితోనే ఆడతాను.

క్లిక్కు మీద క్లిక్కు తప్ప ఏముందన్న వాళ్లూ ఉన్నారు. అది నిజమే, ఒప్పుకుంటాను.

నాకు గట్టిగా తగిలింది స్కిల్ పాయింట్ల గొడవ, అంటే క్యారెక్టర్ విద్యలు పెంచుకోడానికి ఇచ్చే పాయింట్లు. ఒకసారి పెట్టిన పాయింటు వెనక్కి రాదు. నా మొదటి క్యారెక్టర్, సోర్సరెస్ అనే మంత్రగత్తెకి దొరికిన ప్రతి పాయింటూ నిప్పు మంత్రాల్లోనే పోశాను. అన్నిటికన్నా కష్టమైన హెల్ స్థాయికి వెళ్లేసరికి నిప్పంటే చీమ కుట్టినట్టైనా లేని రాక్షసులు ఎదురయ్యారు. నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. పాయింట్లు మార్చుకునే వీలు 2010లో ఆటకు సవరణగా వచ్చిన 1.13 ప్యాచ్‌తో గానీ రాలేదు, అదీ ఆటలో అకారా అనే పాత్ర అప్పగించిన మొదటి పని పూర్తిచేస్తేనే.

ఇక డ్యూరియెల్ అనే పెద్ద రాక్షసుడు. రెండో అంకం చివర, ఏడు సమాధుల్లో సరైనది వెతికి, కర్ర పెట్టి, గోడలో తెరుచుకున్న దారిలోకి అడుగుపెడతాం. అదో ఇరుకు గది. మా రూమ్మేట్ డబ్బా సిస్టమ్‌లో గది లోడయ్యేసరికే ఆ రాక్షసుడు మీదపడి ఉండేవాడు. పైగా వాడి చలికి మన కాళ్లు కదలవు. తెరమీద మొదట కనిపించేది మన శవమే! తొడుక్కున్న ఆయుధాలూ కవచాలూ దాని మీదే ఉంటాయి, ఉత్త చేతులతో మళ్లీ వెళ్లాలి. ఆట మూసి తెరిస్తే శవం ఊళ్లోనే దొరుకుతుందని తెలియడానికి నాకు ఓ సెమిస్టర్ పట్టింది.

ఈ ఏడాది నెక్రోమాన్సర్ అనే మాంత్రికుడితో ఆడుతున్నాను. అతను మంత్రంతో లేపే మట్టి మనిషి గోలెమ్ పక్కనుంటే డ్యూరియెల్ ముందు దాని మీద పడతాడని ఆశ.