స్టోరీవీవర్‌తో ఆరేళ్లు: ఒక తెలుగు టీచర్ అనుభవం

నేను రెండో తరగతికి తెలుగు చెప్తాను. మా బడిలో లైబ్రరీ అంటే ఒక ఇనుప బీరువా. అందులోవన్నీ పిల్లలకు నోటికొచ్చేశాక స్టోరీవీవర్‌ను పట్టుకున్నాను. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన కథల సైట్ ఇది. కథలు సిసి బై 4.0 అనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో, అంటే అందరూ వాడుకోవచ్చనే ముందస్తు అనుమతితో ఉంటాయి. రాసినవాళ్ల, బొమ్మలేసినవాళ్ల పేర్లు, లైసెన్సు వివరం ఉంచితే చాలు, జిరాక్సు తీసి పంచుకోవచ్చు. మార్చితే మార్చామని రాయాలి, అంతే.

ఆ మార్చుకునే హక్కు ఎందుకో నాకు మొదట్లో తెలియలేదు. ఫ్రీగా వస్తోంది, అది చాలదా అనుకున్నాను. ఒకసారి వేరే చోట దొరికిన ఇలాంటి ఓపెన్ లైసెన్సు కథ ఒకటి, చిన్న పిల్లలకని రాసి ఉంటే, చదవకుండానే క్లాసులో ఇచ్చాను. ఒక బాబు వేలు పెట్టి చదువుతూ ‘ఇం’ దాటి ‘ద్ర’ దగ్గర ఆగిపోయాడు. కాసేపు ఆ అక్షరాన్నే చూశాడు. తర్వాత బొమ్మ చూసి, “హరివిల్లు టీచర్!” అన్నాడు. అక్కడున్నది ఇంద్రధనుస్సు. తప్పు చదివావని ఎలా అనను?

స్టోరీవీవర్‌లో నాలుగు స్థాయిలున్నాయి. మొదటి స్థాయి కథ 250 పదాల లోపే. కానీ తెలుగులో పిల్లల్ని ఆపేది పదాల లెక్క కాదు, ఒత్తులు. అందుకే ఏ కథైనా ముందు రాత్రి ఇంట్లో పైకి చదువుతాను, పేజీకి ఎన్ని ఒత్తులున్నాయో చూస్తాను. ‘ప్రత్యుత్తరమిచ్చింది’ లాంటిది తగిలితే ‘బదులు చెప్పింది’ అని మార్చి ప్రింటు తీస్తాను. మా వానకథలో ఇప్పుడు హరివిల్లే ఉంది.

అన్నిచోట్లా ఇలా కుదరదు. లైసెన్సులో ఎన్‌డి (నో డెరివేటివ్స్) అని ఉంటే మార్చి పంచకూడదు. ఫ్రీ అని ఊరించే ఒక వర్క్‌షీట్ల సైట్‌లో అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, అన్ని హక్కులూ మావే అని ఉంది. నలభై కాపీలు తీశాక చూశాను!

ఇంకోమాట. చీకటి బొమ్మల కథల్ని మాత్రం నలుపు తెలుపులో తీయకండి. నక్క కథ ఒకటి తీస్తే పేజీ అంతా మసి. జిరాక్సు షాపాయన టోనర్ గురించి గొణిగాడు. నక్క ఎక్కడుందో పిల్లలు అడిగితే నాకూ కనబడలేదు.