ఉపన్యాసమా, రికార్డు పాఠమా, ఫ్లిప్డ్ తరగతా: ఏది మేలు?

ప్రవేశాల కాలం మొదలైందంటే నాకు వచ్చే ప్రశ్నలన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. ఒక విశ్వవిద్యాలయంలో పాఠాలన్నీ రికార్డు చేసి పెడతారట, మరొకచోట అంతా ఫ్లిప్డ్ పద్ధతేనట (పాఠాన్ని ముందే ఇంటిదగ్గర చూసివచ్చి, తరగతి సమయాన్ని ప్రశ్నలకూ లెక్కలకూ వాడుకోవడం), ఇంకొకచోట ఇప్పటికీ మూడు వందల మందిని ఒక హాలులో కూర్చోబెట్టి గంటసేపు ఉపన్యాసమే ఇస్తారట. వీటిలో ఏది మేలు? తల్లిదండ్రులూ అడుగుతారు, చేరబోయే పిల్లలూ అడుగుతారు, ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలోకి వచ్చిన అధ్యాపకులు కూడా అడుగుతున్నారు. మొదటి సంవత్సరం సంఖ్యాశాస్త్రం కోర్సును నేను ఈ మూడు పద్ధతుల్లోనూ చెప్పి చూశాను. వచ్చే సెమిస్టరుకు ఏదో ఒకటి ఖాయం చేయమని మా విభాగం అడిగినప్పుడు ఫ్లిప్డ్ పద్ధతినే రాసిచ్చాను. అయితే నేను పక్కన పెట్టిన రెండూ పనికిరానివని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు.

ఉపన్యాసాన్ని కాలం చెల్లిన పద్ధతిగా తీసిపారేయడం ఇప్పుడొక ఫ్యాషన్. లెక్చర్ అన్న మాటకు లాటిన్ మూలంలో అర్థం చదవడమే. చేతితో రాసిన పుస్తకం అందరికీ అందని రోజుల్లో గురువు చదువుతుంటే శిష్యులు విని రాసుకునేవారు. అచ్చుయంత్రం వచ్చి అయిదు శతాబ్దాలు దాటినా ఆ పద్ధతి నిలిచే ఉందంటే దానికి కారణం అలవాటు ఒక్కటే కాదు. ఒక్క అధ్యాపకుడితో ఆరు వందల మందికి పాఠం చెప్పించగల ఏర్పాటు ఇంత చవకగా మరొకటి లేదు. పైగా మంచి ఉపన్యాసకుడు విషయం ఒక్కటే చెప్పడు. ఏ దారిలో వెళ్తే చిక్కుకుపోతామో, ఏ ప్రశ్నను ముందు వేసుకోవాలో, ఏది వదిలేయాలో తన ఆలోచన నడిచే తీరునే కళ్లముందు పెడతాడు. వారానికి మూడుసార్లు ఒకే వేళకు ఒకేచోట చేరడం వల్ల ఏర్పడే క్రమశిక్షణ, తరగతి విడిచాక నడవాలో కుదిరే స్నేహాలు కూడా ఆ ఖాతాలోనివే.

రికార్డు పాఠానికి ఉన్న సుగుణాలు ఇంకా స్పష్టమైనవి. బోధనాభాష కొత్తగా అనిపించే విద్యార్థి ఆపి ఆపి వినవచ్చు, జబ్బుపడ్డవాడికి పాఠం పోదు, ఉద్యోగం చేసుకుంటూ చదివేవారికి రాత్రి పదకొండింటికి కూడా తరగతి తెరిచే ఉంటుంది, వినికిడి లోపం ఉన్నవారికి తెరమీది అక్షరాలు తోడవుతాయి. ఇవన్నీ నిజమే అయినా, చూడగలగడం వేరు, చూడడం వేరు. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికపై సుమారు 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో తేలిందేమిటంటే, వీడియో ఎంత పొడుగున్నా సగటు వీక్షకుడు నిలిచేది దాదాపు ఆరు నిమిషాలకు మించదు. 2011లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యులు కృత్రిమ మేధ కోర్సును ఉచితంగా అందరికీ తెరిచినప్పుడు లక్షా అరవై వేల మంది చేరారు. చివరిదాకా నిలిచినవారు ఇరవై వేల పైచిలుకు మాత్రమే. మా విద్యార్థులూ అందుకు భిన్నం కాదు. పాఠాలు ఎక్కడికీ పోవన్న ధీమాతో వాటిని వారాల తరబడి పేరబెట్టి, పరీక్షకు నాలుగు రోజుల ముందు రెండింతల వేగంతో నడిపించి, చూశామని అనిపించుకుంటారు. ఈలోగా హాలు ఖాళీ అవుతుంది, దానితోపాటు గ్రంథాలయం మెట్లమీద కూర్చుని లెక్కలు చేసే గుంపులు కూడా పలచబడతాయి.

ఇక నాకు అసలైన తేడాగా కనిపించేది వీటిలో ఏదీ కాదు. ఏ విషయం నేర్చుకునేటప్పుడైనా ఒక తేలిక భాగం, ఒక కష్టమైన భాగం ఉంటాయి. వినడం, చదవడం, తల ఊపడం తేలిక భాగం. సొంతంగా ఒక ప్రశ్నను పట్టుకుని, అది లొంగక, ఎక్కడ తప్పామో తెలియక కొట్టుమిట్టాడడం కష్టమైన భాగం. ఉపన్యాస పద్ధతిలో తేలిక భాగానికి గురువు ఎదురుగా ఉంటాడు, కష్టమైన భాగం వచ్చేసరికి విద్యార్థి రాత్రిపూట తన గదిలో ఒంటరిగా ఉంటాడు. రికార్డు పాఠంలో రెండింటికీ ఒంటరే. ఫ్లిప్డ్ తరగతి ఒక్కటే ఈ ఏర్పాటును తలకిందులు చేసి, తడబడే వేళకు పక్కన మనుషులు ఉండేలా చూస్తుంది. నా ఎంపికకు కారణం ఇంతే.

ఒక ఉదాహరణ చెబుతాను. వెయ్యిమందిలో ఒకరికి వచ్చే జబ్బు ఉంది; దానికొక పరీక్ష ఉంది; ఆ పరీక్ష జబ్బున్నవారిలో నూటికి 99 మందిని సరిగా పట్టుకుంటుంది, జబ్బు లేనివారిలో నూటికి ఒకరిని పొరపాటుగా జబ్బు మనిషిగా చూపిస్తుంది. మీకు జబ్బుందని ఫలితం వస్తే నిజంగా ఉండే అవకాశం ఎంత? దీన్ని ఉపన్యాసంగా చెప్పిన సంవత్సరాల్లో బోర్డు మీద, కొత్త సమాచారం తెలిశాక అవకాశాన్ని మళ్లీ లెక్కగట్టే బేయస్ సూత్రం రాసి పది నిమిషాల్లో ముగించేవాణ్ని, అందరూ రాసుకునేవారు, అర్థమైందా అంటే అర్థమైందనేవారు. ఫ్లిప్డ్ తరగతిలో అదే సూత్రాన్ని ముందురోజే చూసివచ్చిన పిల్లలను జవాబుకు చేతులెత్తమంటే ముప్పాతిక వంతు మంది 99 శాతానికే ఎత్తారు. నేనేమీ అనకుండా పక్కవారిని ఒప్పించమన్నాను. రెండు నిమిషాలు గోలగోలగా సాగింది. మూడో వరుసలో ఒక అమ్మాయి సూత్రాన్ని పక్కన పెట్టి నోటుపుస్తకం మూలన లక్ష మంది అని రాసుకుంది. జబ్బున్నవారు 100, వారిలో పట్టుబడేది 99; జబ్బు లేనివారు 99,900, వారిలో పొరపాటున చిక్కేది 999; మొత్తం 1,098 మందిలో నిజంగా జబ్బున్నది 99 మందికే, అంటే నూటికి తొమ్మిది. తప్పు కూడేశావని వాదించిన పక్కబెంచీ కుర్రాడు తనే మళ్లీ కూడి చూసి నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత నేను చెప్పిన అయిదు నిమిషాలు, నా పాతికేళ్ల ఉపన్యాసాలకన్నా బాగా చెవికెక్కాయి, ఎందుకంటే అప్పటికి ప్రతి ఒక్కరికీ తమదైన ఒక తప్పు చేతిలో ఉంది.

ఇది నా ఒక్కడి అనుభవమూ కాదు, కొత్త ఊహా కాదు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్, సూత్రాలతో కష్టమైన లెక్కలు చేయగల విద్యార్థులే మూలభావనల మీది మామూలు ప్రశ్నల దగ్గర తడబడడం చూసి, 1990ల మొదట్లోనే తరగతిలో ప్రశ్న వేసి పక్కవారితో చర్చింపజేసే పద్ధతికి మారారు. విజ్ఞానశాస్త్రాలు, ఇంజినీరింగ్, గణితం కోర్సుల మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూసిన 2014 నాటి విశ్లేషణలో, ఉపన్యాసం మాత్రమే ఉన్న తరగతుల్లో కోర్సు తప్పినవారు సుమారు 34 శాతం ఉంటే, విద్యార్థుల చేత పనిచేయించే తరగతుల్లో సుమారు 22 శాతం ఉన్నారు. పనిచేయించడమనే పేరు కింద రకరకాల పద్ధతులు కలిసిపోయాయన్న అభ్యంతరం న్యాయమైనదే. అయినా అంత తేడాను పేర్ల గందరగోళమని కొట్టిపారేయలేం.

మరి ఇంత మేలైన పద్ధతి అన్నిచోట్లా ఎందుకు లేదన్నది సహజంగా వచ్చే ప్రశ్న. నా ఉద్దేశంలో దీనికి జవాబు తరగతిలోకన్నా ప్రచార విభాగంలో ఎక్కువగా దొరుకుతుంది. హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతుల్లో చేసి 2019లో ప్రచురించిన ఒక ప్రయోగంలో అవే పాఠాలను ఒక గుంపుకు చక్కటి ఉపన్యాసంగానూ, మరొక గుంపుకు వారి చేతనే పనిచేయిస్తూనూ చెప్పారు. రెండో గుంపుకు పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చాయి, కానీ తాము తక్కువ నేర్చుకున్నామని వారే అనుకున్నారు. చెమటోడ్చి నేర్చుకున్నది అరకొరగా అనిపిస్తుంది, ధారాళమైన ఉపన్యాసం విన్నప్పుడు అంతా వచ్చేసినట్టే ఉంటుంది. విద్యార్థుల సంతృప్తిని అంకెల్లో పెట్టి బ్రోషర్ల మీద అచ్చువేసుకునే కాలంలో ఈ భ్రమకు వెల ఎక్కువ. బ్రిటన్‌లో చివరి సంవత్సరం విద్యార్థుల అభిప్రాయాలను దేశమంతటా సేకరించడం 2005 నుంచే జరుగుతోంది, అనుకూలమైన అంకె వచ్చిన ప్రతి సంస్థా దాన్ని ప్రచారంలో వాడుకుంటుంది. అధ్యాపకులకు విద్యార్థులు వేసే మార్కులకూ, ఆ విద్యార్థులు నిజంగా నేర్చుకున్నదానికీ చెప్పుకోదగ్గ సంబంధం లేదని 2017లో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణ తేల్చినా, వాటినే పదోన్నతులకు కొలమానంగా వాడేచోట ఏ కుర్ర అధ్యాపకుడు తెగించి పద్ధతి మారుస్తాడు? ఫ్లిప్డ్ పద్ధతికి మారిన తొలి సెమిస్టరులో నా ఫీడ్‌బ్యాక్ దిగజారింది. "ఆయన పాఠం చెప్పరు, మమ్మల్నే చెప్పుకోమంటారు" అని ఒకరు రాశారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. పదవీ విరమణ దగ్గరపడినవాణ్ని కాబట్టి తట్టుకున్నాను.

ఫ్లిప్డ్ పద్ధతికి లోపాలు లేవని చెప్పను. విద్యార్థులు ముందుగా చూసి రాకపోతే మొత్తం కుప్పకూలుతుంది, జాలిపడి మళ్లీ మొదటినుంచి పాఠం చెప్పామంటే ఇక ఎవరూ ఎప్పుడూ చూసి రారు. అందుకే తరగతికి ముందు మూడు చిన్న ప్రశ్నలు పెట్టి వాటికి కొద్దిపాటి మార్కులిస్తాను, చూడనివారికోసం మాత్రం వెనక్కి వెళ్లను. మాటకారి ఒకరుంటే గుంపులో మిగిలినవారు వారి జవాబే దించుకుంటారు. బిడియస్తులు ఇందులో కూడా మూలకే చేరతారు. కదలని బెంచీలున్న మెట్ల హాలులో, ఒక్క సహాయకుడు కూడా లేకుండా మూడు వందల మందితో ఇది చేయమంటే నేనైనా ఉపన్యాసానికే తిరిగి వెళ్తాను. మొదటి ఏడాది తయారీకి పట్టే శ్రమ ఉపన్యాసానికి పట్టేదానికన్నా బాగా ఎక్కువ, ఆ గంటలను లెక్కలోకి తీసుకునేవారు అరుదు.

సగం మంది హాలులో, సగం మంది తెరమీద ఉండే మిశ్రమ తరగతి గురించి కూడా అడుగుతుంటారు. ఇద్దరిలో ఎవరికీ న్యాయం జరగదు, తప్పనిసరైతే తప్ప వద్దు. పూర్తి ఆన్‌లైన్ కోర్సులు ఇప్పటికే ఒక వృత్తిలో స్థిరపడి, ఏం కావాలో తెలిసినవారికి బాగానే పనికొస్తాయి. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటినుంచి ఇంటిదగ్గర రాసి తెచ్చే వ్యాసానికి విలువ తగ్గింది, దానివల్ల తరగతిలోనే పనిచేయించడం ఇంకా అవసరమైంది. అలాంటి యంత్రాలనే గురువుగా పెట్టుకోవచ్చా అంటే, అడిగిందే తడవుగా జవాబు చేతికిచ్చేది తడబడే అవకాశాన్నే లాగేసుకుంటుందని నా అభ్యంతరం.

చేరబోయేవారు క్యాంపస్ చూడటానికి వెళ్తే కొత్త భవనం గాజు గోడలను, తెరల కొలతలను, చెట్టుకింద నవ్వుతున్న ఫొటోలను కాసేపు పక్కన పెట్టి, ట్యుటోరియల్‌లో ఒక్కో గుంపుకు ఎంతమంది, వారితో కూర్చునేది ఎవరు అని అడగాలి. వీలైతే వెంట తిప్పే గైడును తప్పించుకుని రెండో సంవత్సరం విద్యార్థి ఒకరిని పట్టుకుని, కిందటిసారి లెక్క కుదరనప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లావని అడగాలి. ఒక మనిషి పేరు చెబితే అక్కడ ఏ పద్ధతి ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

నా మట్టుకు నేను రాసిచ్చిన ప్రణాళికలో ఆరేడు నిమిషాల వీడియోలు ఉన్నాయి, వారానికి రెండు ఫ్లిప్డ్ తరగతులు ఉన్నాయి. సెమిస్టరు మొదట ఒకటి, నడుమ ఒకటి, చివర ఒకటి చొప్పున మూడు ఉపన్యాసాలను కూడా ఉంచుకున్నాను. వాటిని రికార్డు చేయనని ముందే చెప్పాను.