పన్ను కార్యాలయంలో కీపాస్‌ఎక్స్‌సీ: కొన్ని సీజన్ల వాడకం తర్వాత

అనంతపురం టవర్ క్లాక్ సమీపంలో జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలు చేసే చిన్న కార్యాలయం మాది. నేను, ఇద్దరు సహాయకులు, మూడు కంప్యూటర్లు. తాడిపత్రి బండల పాలిష్ యూనిట్లు, ధర్మవరం పట్టుచీరల వ్యాపారులు, వేరుశనగ మిల్లులు, ఎరువుల దుకాణాలు, లారీ యజమానులు మా క్లయింట్లు. వీరందరి పాస్‌వర్డులను భద్రపరచడానికి కీపాస్‌ఎక్స్‌సీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఇద్దరు ముగ్గురు పనిచేసే కార్యాలయానికి ఇది సరిపోతుందని, అంతకంటే పెద్ద కార్యాలయానికి చాలదని నా అభిప్రాయం.

మా వృత్తిలో పాస్‌వర్డుల సంగతి అందరికీ తెలిసిందే. ఒక క్లయింటుకు ఆదాయపు పన్ను పోర్టల్, జీఎస్టీ, ఈ-వే బిల్లు, టీడీఎస్ (మూలంలోనే కోసే పన్ను) కోసం ట్రేసెస్ అనే పోర్టల్, వీటికి తోడు ఒక ఈమెయిల్ ఉంటాయి. ఇవన్నీ ఒక లాంగ్ నోట్‌బుక్కులోనో ఎక్సెల్ షీటులోనో ఉంటాయి. ఆ షీటు ప్రతి సహాయకుడి పెన్‌డ్రైవులోనూ, ఏదో ఒక వాట్సాప్ సంభాషణలోనూ కూడా ఉంటుంది. దుకాణం పేరు, దాని పక్కన ఒక గుర్తు, ఆపైన 123 అనే ఒకే అచ్చులో పాస్‌వర్డులన్నీ తయారవుతాయి కాబట్టి, ఒక క్లయింటుది తెలిసినవాడికి మిగిలినవారివీ తెలిసినట్టే. ఆదాయపు పన్ను పోర్టల్లో యూజర్ ఐడీ పాన్ నంబరే కావడం, ఆ పాన్ ప్రతి బిల్లు మీది జీఎస్టీ నంబరులోనే ఇమిడి ఉండడం వల్ల, గుట్టుగా ఉండాల్సింది పాస్‌వర్డు ఒక్కటే. మా ఊళ్లోనే ఒక కార్యాలయం నుంచి మానేసిన కుర్రవాడు ఎక్సెల్ షీటుతో సహా వేరే చోట చేరాడని విన్నప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు.

కీపాస్‌ఎక్స్‌సీ పాస్‌వర్డులన్నిటినీ ఎన్‌క్రిప్ట్ చేసిన ఒకే ఫైలులో, మన కంప్యూటరులోనే ఉంచుతుంది. దానికి ఖాతా తెరవనక్కరలేదు, నెలవారీ చందా లేదు, ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. సోర్స్ కోడ్ ఎవరైనా పరిశీలించవచ్చు. విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఫోనుకు దీని సొంత యాప్ లేదు గానీ, ఆండ్రాయిడ్‌లో కీపాస్‌డీఎక్స్ అనే వేరే యాప్ అదే ఫైలును తెరుస్తుంది. నేను ఫోనులో పెట్టుకోలేదు. బస్సులో మరిచిపోయే వస్తువులో క్లయింట్ల తాళాలన్నీ పెట్టడం నాకు ఇష్టం లేదు.

పాత ఎక్సెల్ షీటును సీఎస్‌వీ అనే సాదా ఫైలుగా మార్చి ఇందులోకి తెచ్చుకోవడం సులువే. తెచ్చుకున్న వెంటనే డేటాబేస్ నివేదికల్లోని హెల్త్ చెక్ తెరిస్తే బలహీనమైన పాస్‌వర్డులు, ఒకటికంటే ఎక్కువచోట్ల వాడినవి వరుసగా కనిపిస్తాయి. మా జాబితా చాలా పొడవుగానే వచ్చింది. రిటర్ను వేసే సమయానికి ఎవరి పాస్‌వర్డు వారిది మారుస్తూ పోయాం. పాస్‌వర్డు తయారుచేసే సాధనం ఎంత పొడవైనా ఇస్తుంది గానీ, ఆదాయపు పన్ను పోర్టల్ 14 అక్షరాలకు, జీఎస్టీ పోర్టల్ 15 అక్షరాలకు మించి ఒప్పుకోవు కాబట్టి, పొడవును ముందే 14కు కుదించుకుంటే పని తేలిక. పని పూర్తయ్యాక పాత షీటును రీసైకిల్ బిన్ నుంచీ, మెయిల్ అటాచ్‌మెంట్ల నుంచీ తొలగించకపోతే ఈ శ్రమంతా వృథా.

రోజువారీ వాడకంలో నాకు ఎక్కువగా ఉపయోగపడింది ఆటో-టైప్. యూజర్‌నేమ్, ట్యాబ్, పాస్‌వర్డ్, ఎంటర్ అనే క్రమంలో అది తనంతట తానే టైపు చేస్తుంది. జీఎస్టీ పోర్టల్లో పాస్‌వర్డు తర్వాత క్యాప్చా నింపాలి కనుక చివరి ఎంటర్ అడ్డం వస్తుంది. జీఎస్టీ ఖాతాలన్నిటినీ ఒక గ్రూపులో చేర్చి, ఆ గ్రూపుకు మాత్రం ఎంటర్ లేని క్రమాన్ని ఇస్తే ఇబ్బంది తీరుతుంది. ఆదాయపు పన్ను పోర్టల్ మరో తీరు: మొదటి పేజీలో పాన్ అడిగి, రెండో పేజీలో సెక్యూర్ యాక్సెస్ మెసేజ్‌ను నిర్ధారిస్తూ టిక్కు పెట్టమని, ఆపైన పాస్‌వర్డు ఇమ్మంటుంది. అక్కడ ఒకే దెబ్బకు రెండూ నింపడం కుదరదు. కీపాస్‌ఎక్స్‌సీలో ఆ ఖాతా ఎంట్రీ మీద కుడి క్లిక్ చేసి పాస్‌వర్డును మాత్రమే టైపు చేయించే మార్గం ఉంది, నేను అదే వాడతాను. నెలవారీ జీఎస్టీ రిటర్ను అయిన జీఎస్టీఆర్-3బీకి గడువైన 20వ తేదీ దగ్గరపడి, ఒకదాని తర్వాత ఒకటిగా లాగిన్ కావలసిన రోజుల్లో చేతులకు ఎంత విశ్రాంతి దొరుకుతుందో ఆ పని చేసేవారికే తెలుస్తుంది.

అయితే ఆటో-టైప్‌కు ఒక లోపముంది. అది తెరిచివున్న కిటికీ (విండో) శీర్షికను చూసి ఎంట్రీని ఎంచుకుంటుంది. నకిలీ సైటు కూడా అదే శీర్షిక పెట్టుకోగలదు. బ్రౌజరుకు జోడించుకునే దీని ఎక్స్‌టెన్షన్ అలా కాక, ఎంట్రీలో మనం రాసుకున్న వెబ్ చిరునామాతో పోల్చిచూసి, సరిపోతేనే పాస్‌వర్డును ముందుకు తెస్తుంది. రీఫండ్ మంజూరైంది, ఇక్కడ నొక్కి బ్యాంకు ఖాతా నిర్ధారించండి అంటూ రిటర్నుల కాలంలో మెయిళ్లు, సందేశాలు విరివిగా వస్తాయి. అటువంటి పేజీలో ఎక్స్‌టెన్షన్ మౌనంగా ఉండిపోతే, అది చాలా పెద్ద హెచ్చరిక. అందుకే సహాయకులు మెయిల్‌లో వచ్చిన లింకు ద్వారా తెరిచిన ఏ పేజీలోనూ ఆటో-టైప్ వాడకూడదని మా కార్యాలయంలో నియమం పెట్టాను.

సహాయకులతో పంచుకోవడంలోనే ఈ సాఫ్ట్‌వేర్ బలం, బలహీనత రెండూ బయటపడతాయి. ఫైలు తెరిచినవారికి అందులోని సమస్తం కనిపిస్తుంది. ఈయనకు ఇది, ఆమెకు అది అని విడదీసే అనుమతులు లేవు. కీషేర్ అనే సదుపాయంతో ఒక గ్రూపును వేరే ఫైలుగా పంచవచ్చు. జీఎస్టీ గ్రూపు ఒక సహాయకురాలికి, టీడీఎస్ గ్రూపు మరొకరికి అలా ఇచ్చాను, ప్రధాన ఫైలు నా దగ్గరే ఉంటుంది. ఎవరైనా మానేస్తే వారికి పంచిన పాస్‌వర్డులన్నీ మార్చవలసిందే, ఎందుకంటే ఫైలు నకలు ఎక్కడ ఉందో సాఫ్ట్‌వేర్ చెప్పలేదు.

ఎంట్రీలకు గడువు తేదీ పెట్టే వీలుంది. దీన్ని నేను డిజిటల్ సంతకం టోకెన్ల (సంతకపు కీ ఉండే యూఎస్‌బీ పరికరాల) గడువు గుర్తుపెట్టుకోవడానికి వాడుతున్నాను. ఆడిట్ సీజన్‌లో గడువు తీరిన టోకెన్ బయటపడితే పడే అవస్థ నివారణ అయింది. టోకెన్ పిన్ మాత్రం ఇందులో రాయలేదు. ఐటీ చట్టం, 2000లోని సెక్షన్ 42 ప్రకారం ప్రైవేట్ కీ (సంతకం చేసే రహస్య తాళం) ఆ సంతకం ఎవరిదో వారి అదుపులోనే ఉండాలి. టోకెన్లను కట్టకట్టి డ్రాయరులో ఉంచుకునే అలవాటు మన కార్యాలయాల్లో ఎంత సాధారణమో చెప్పనక్కరలేదు.

ఈ ఫైలును తెరిచే మాస్టర్ పాస్‌వర్డు మరిచిపోతే తిరిగి పొందే దారి లేదు. కాగితం మీద రాసి, కవరు అంటించి, ఇంట్లో బీరువాలో ఉంచాను. నాకు ఏదైనా జరిగితే తెరవాల్సిన మనిషికి ఆ సంగతి తెలుసు. ఫైలు చాలా చిన్నది కాబట్టి రెండు పెన్‌డ్రైవుల్లో నకళ్లు ఉంచడం కష్టం కాదు.

ఏ పాస్‌వర్డు మేనేజరైనా దాన్ని నడిపే కంప్యూటరంత భద్రంగానే ఉంటుంది. విండోస్ 10కు సాధారణ భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. క్రాక్ చేసిన అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌తో పాటు, మనం నొక్కే మీటలను రహస్యంగా నమోదు చేసే కీలాగర్ చేరితే మాస్టర్ పాస్‌వర్డే పోతుంది. సాఫ్ట్‌వేర్ మరమ్మతుకు ఎనీడెస్క్ ద్వారా దూరం నుంచి కంప్యూటరు నడిపే వీలు ఇచ్చే ముందు కంట్రోల్-ఎల్ నొక్కి డేటాబేసును మూసివేయడం మంచి అలవాటు.

క్లయింట్ల తీరు మరో సంగతి. ‘మీ దగ్గరుంటే మా దగ్గరున్నట్టే కద సార్’ అంటూ ఓటీపీని ఫోనులో చదివి వినిపించేవారికి, ఎవరు అడిగినా అలాగే చదివే అలవాటు పడుతుంది. ఆధార్ ఓటీపీతో పాస్‌వర్డు మార్చుకోగలిగినప్పుడు మన 14 అక్షరాలు ఎవరిని ఆపుతాయి? ఈ-వే బిల్లు పోర్టల్లో 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి చేశారు, అక్కడా ఓటీపీయే కీలకం. అందువల్ల వీలైనచోట అసలు పాస్‌వర్డు తీసుకోకపోవడమే నయమనిపిస్తుంది. జీఎస్టీలో పీసీటీ-05 ఫారం ద్వారా క్లయింటు మనకు అధికారమిస్తే మన లాగిన్‌తోనే రిటర్ను తయారుచేయవచ్చు. కొందరితో ఆ పద్ధతికి మారాను, మారిన మేరకు నా డేటాబేసు చిక్కిపోతోంది.

నలుగురైదుగురికి మించి సిబ్బంది ఉన్నవారు బిట్‌వార్డెన్ వంటి, వ్యక్తులవారీగా అనుమతులిచ్చే సేవను చూడాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 తగిన భద్రతా చర్యలు తీసుకోనందుకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానాకు వీలు కల్పించింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ఏ పాస్‌వర్డును ఎవరు, ఎప్పుడు తెరిచారో చూపమంటే కీపాస్‌ఎక్స్‌సీ దగ్గర జవాబు లేదు. ప్రస్తుతానికి ఆ వివరం మా సహాయకులు చేతిరాతతో ఒక రిజిస్టరులో నమోదు చేస్తున్నారు.