పెట్టె బాగైంది, మేక పోయింది

విజయనగరంలో హార్మోనియం ఎవరు బాగుచేస్తారని ఫోన్‌లో వెతికితే నాకేమీ దొరకలేదు. ఇంకెవరికైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను. గంటస్తంభం దగ్గర బట్టల కొట్ల వెనక సందులోకి వెళ్ళి "పెట్టెలు బాగుచేసే ముసలాయన" అని అడగండి, చూపిస్తారు. బోర్డు లేదు. 2014లో హుద్‌హుద్ తుఫానుకి ఎగిరిపోయిందట, మళ్ళీ పెట్టలేదట. లోపల ఒక్క మనిషి కూర్చునే చోటు. మిగతాదంతా తబలాలు, డోలక్‌లు, విప్పి పెట్టిన హార్మోనియంలు. మనం గుమ్మంలో నిలబడే మాట్లాడాలి.

నేను పట్టుకెళ్ళింది మా నాన్న హార్మోనియం. వేళ్ళతో నొక్కే మెట్లు 42, గాలికి మోగే ఇత్తడి రేకులు, అంటే రీడ్లు, రెండు వరసలు, ఎత్తితే ఇద్దరు పట్టాలి.

నాన్న ఆర్టీసీ కండక్టరు. సాలూరు, పార్వతీపురం, పాలకొండ రూట్లు. డ్యూటీ దిగి, డిపోలో డబ్బు అప్పజెప్పి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని నేరుగా అరుగు మీద పెట్టె ముందు కూర్చునేవాడు. అన్నం తరవాత. సంగీతం ఎక్కడ నేర్చుకున్నారండీ అని ఎవరైనా అడిగితే "మహారాజా వారి కాలేజీలోనే" అనేవాడు. వాళ్ళు కళ్ళు పెద్దవి చేశాక, "అంటే, కాలేజీ ఎదురుగా టీ కొట్టులో" అని ముగించేవాడు. ఆ సంగీత కాలేజీ 1919లో పెట్టారని, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలని, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ నేర్పారని మేం పుస్తకాల్లో చదవలేదు. రిక్షాలో ఆ రోడ్డున వెళ్ళిన ప్రతిసారీ నాన్న స్టేజీ పేరు అరిచినట్టు "ఘంటసాల వారు చదివిన కాలేజీ, దిగేవాళ్ళున్నారా!" అని అరిచేవాడు. రిక్షా అతను నిజంగానే ఆపేసేవాడు.

హార్మోనియం మీద గమకాలు, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించే ఒంపులు, పలకవని 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి దాన్ని దూరం పెట్టింది. నాన్న ఈ సంగతి అమ్మని ఏడిపించడానికి వాడుకునేవాడు. "గవర్నమెంటే ముప్పై ఏళ్ళు రానివ్వలేదు, మీ అమ్మ మొదటిరోజే రానిచ్చింది, ఎంత మంచిదో చూడండి" అనేవాడు. అమ్మ వంటింట్లోంచి "తెలీక రానిచ్చాను" అనేది.

మా బంధువుల్లో ఏ పెళ్ళయినా వియ్యాలవారి పాటలకి పెట్టె మోసుకుని బయల్దేరేవాడు. నా పెళ్ళిలో అయితే మగపెళ్ళివారు నలభై మందిమి వస్తామని చెప్పి నూట పది మంది దిగారు. వంటవాళ్ళు గోల, మావయ్యలు గోల. నాన్న మాత్రం నెమ్మదిగా పెట్టె తెరిచి, "నలభై టికెట్లకి నూట పది తలలు, మిగతావాళ్ళు పాలకొండలో దిగండి" అంటూ అప్పటికప్పుడు వరస కట్టి పాడాడు. మా మావగారు మొదట మొహం ముడుచుకున్నారు. రెండో చరణానికి ఆయనే తాళం వేశారు. ఆ రోజు పాకం గారెలు అందరికీ ఎలా సరిపోయాయో నాకిప్పటికీ తెలీదు.

ఇక మేక. కుడివైపు చివరి నుంచి మూడో తెల్ల మెట్టు నొక్కితే స్వరం నిలబడేది కాదు, మే... మే... అని వణికేది. నాన్న దాన్ని బాగుచేయించలేదు సరికదా, భజన అయిపోగానే పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టి, తిత్తి మెల్లగా ఆడిస్తూ ఆ మెట్టు నొక్కేవాడు. "మేకొచ్చింది, ఆకు పెట్టండి!" అంటే పిల్లలు పెరట్లోకి పరిగెత్తేవాళ్ళు. మొదట నేనూ తమ్ముడూ, తరవాత మా పిల్లలు. అమ్మ మందార మొక్క ఎన్నడూ నిండుగా ఉన్నది లేదు.

నాన్న పోయి రెండేళ్ళయింది. అరుగు మీద ఖాళీ పెట్టె చూడలేనని అమ్మ దాన్ని విశాఖలో మా ఫ్లాటుకి పంపేసింది. మాది బీచికి దగ్గర. ఉప్పుగాలికి ఇత్తడి రీడ్లు చిలుము పట్టాయి, ఎలుక తిత్తి కొరికింది. విశాఖలోనే ఒక దుకాణంలో చూపిస్తే అతను మూత కూడా తియ్యకుండా "ఇది పారేసి కీబోర్డు కొనుక్కోండి మేడం" అన్నాడు. అందుకే విజయనగరం మోసుకొచ్చాను.

ముసలాయన పద్ధతి వేరు. ముందు టీ తెప్పించాడు. మూత తీసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత "ఏటమ్మా, మీ నాన్నగారు నాలుగున్నర శృతిలో పాడీవోరేటి?" అన్నాడు. అవునన్నాను. ఆ శృతి పలికే నల్ల మెట్టు మీద రంగంతా పోయి చెక్క కనిపిస్తోంది, పక్కవాటి మీద లేదు. నాటకం పద్యాలు పాడేవాళ్ళ పెట్టెలు ఇలాగే అరుగుతాయట. ఇంకో మెట్టు కింద స్ప్రింగు వదులైతే నాన్న బస్సు టికెట్టు మడిచి దూర్చాడు. "ఎవరు పెట్టారో గానీ కొలత బాగా కుదిరింది" అన్నాడాయన. ఈ మాట నాన్న వినుంటే నెలరోజులు చెప్పుకునేవాడు.

పని గురించి చెప్పాలంటే, తిత్తికి కొత్త గుడ్డ, మూలలకి తోలు, అయిదు స్ప్రింగులు, అన్ని రీడ్లూ శుభ్రం చేసి శృతి. మొత్తం 4,200 రూపాయలు. తీసిన ప్రతి ముక్కా, ఆ టికెట్టుతో సహా, కవర్లో వేసి తిరిగిచ్చాడు. గాలి ఇప్పుడు ఎక్కడా పోవడం లేదు, ఒకసారి ఊదితే స్వరం చాలాసేపు నిలుస్తోంది. వారానికి ఒక్కసారైనా వాయించమని, వాడనప్పుడు గాలి దారి మూసే స్టాపర్లు మూసి, మీద గుడ్డ కప్పమని చెప్పాడు.

లోపాలూ ఉన్నాయి. పది రోజులన్నాడు, అయిదు వారాలు పట్టింది. కొంత నా తప్పే, దసరాకి ముందు ఇచ్చాను. దసరా తరవాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ఆ రోజుల్లో ఊళ్ళో ఏ పనీ జరగదని నాకు తెలియనిదా! తరవాత కూడా ఫోన్ ఎత్తలేదు. బిల్లు ఇవ్వడు. విరిగిన స్టాపరు గుండీకి బదులు పెట్టింది రంగు కలవలేదు, మిగతావి నలుపు, ఇది తెలుపు.

అసలు గొడవ ఇంటికి తెచ్చాక వచ్చింది. అమ్మ దగ్గరే అరుగు మీద పెట్టాం. తమ్ముడి చిన్నకొడుకు, ఆరేళ్ళవాడు, ఎవరూ చెప్పకుండానే మూడో తెల్ల మెట్టు నొక్కాడు. స్వరం నిటారుగా, శుభ్రంగా వచ్చింది. మళ్ళీ నొక్కాడు. "మేక ఏదీ?" అన్నాడు.

మర్నాడు దుకాణానికి వెళ్ళి అడిగాను. ఆయన నిజంగా బాధపడ్డాడు. ఆ మెట్టుకి ఒకే స్వరం పలికే రీడ్లు రెండు ఉంటాయి, ఒకదాని శృతి కాస్త దిగిపోయింది, ఆ రెండు శబ్దాలూ కలవక ఒకదాన్నొకటి కొట్టుకుంటే వచ్చిన వణుకు అది. ఆయన దిగిన రీడు కొసన గీకి పైకి తెచ్చాడు. మళ్ళీ దించాలంటే రీడు మొదలు దగ్గర గీకాలి. ఇత్తడి గీకిన కొద్దీ పలచబడుతుంది, ఎప్పుడో ఒకరోజు విరుగుతుంది. "బాగుచెయ్యమనే వచ్చారు గానీ చెడగొట్టమని ఎవులూ రాలేదమ్మా ఇప్పటివరకు. దానికెంత తీసుకోవాలో కూడా నాకు తెలీదు" అన్నాడు.

మేక సంగతి ముందే చెప్పకపోవడం నా తప్పు. అయినా అడగకుండా సరిచేసినందుకు ఒక స్టార్ తగ్గిస్తున్నాను. అయిదుకి నాలుగు. మీరు వెళితే పెట్టెలో ఏవి ముట్టుకోకూడదో కాగితం మీద రాసివ్వండి, ఆయన చదువుకుని చేస్తాడు.

అమ్మనడిగితే "మీ నాన్నే తోలుకుపోయుంటాడులే" అని లోపలికెళ్ళిపోయింది. పిల్లవాడు మాత్రం రోజూ ఆ మెట్టు నొక్కి చూస్తున్నాడట. మందార ఈసారి విరగబూసింది.